మొగ్గ మీద పని: లాం క్షేత్రంలో విత్తనం తయారయ్యే తీరు

మర్నాడు పొద్దున విచ్చుకోబోయే మిరప మొగ్గని ముందురోజు సాయంత్రమే పట్టుకోవాలి. అంతకు ముందయితే మొగ్గ మరీ లేతగా ఉండి వేలికి లొంగదు. తెల్లారాక చూద్దామనుకుంటే పువ్వు విచ్చి, పుప్పొడి రాలి, జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఆకుపచ్చ తగ్గి తెలుపు తిరిగి, నిండుగా ఉబ్బి, ఇంకా రేకు విడని మొగ్గ ఒక్కటే పనికొస్తుంది. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో ఉన్న లాం పరిశోధనా క్షేత్రంలో మిరప సంకరం చేసేవాళ్లు సాళ్ల మధ్య వంగి వెతికేది ఆ మొగ్గ కోసమే. దొరికాక దాన్ని ఎడమచేతి రెండు వేళ్ల మధ్య నిలిపి, కుడిచేత్తో సన్నటి పట్టకారు తీసుకుని, రేకుల్ని ఒక పక్కకి విడదీసి, లోపలున్న అయిదారు ఊదారంగు కేసరాల్ని ఒక్కొక్కటిగా తీసేస్తారు. మధ్యలో నిలబడ్డ కీలానికి పట్టకారు మొన తగలకూడదు. తగిలితే ఆ పువ్వు రాలిపోతుంది. ఒక్క కేసరం మిగిలిపోయి, అది పగిలి సొంత పుప్పొడి చల్లిందంటే కాయ మాత్రం నిక్షేపంగా నిలుస్తుంది, కానీ లోపలి గింజ సంకరం కాదు. ఆ పొరపాటు తెలిసేది మళ్లీ పంట వేసి మొక్క పెరిగాకే.

ఖాళీ చేసిన మొగ్గకి చిన్న కాగితపు సంచి తొడుగుతారు. తేనెటీగ వాలినా, చీమ పాకినా పరాయి పుప్పొడి అంటుకునే ప్రమాదం ఉంది. మర్నాడు పొద్దున తండ్రి మొక్క నుంచి అప్పుడే విచ్చిన పువ్వు కోసుకొచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రానికి అద్ది, సంచి మళ్లీ తొడిగి, తొడిమకి చీటీ కడతారు. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ. పెన్సిల్‌తో రాస్తారు, సిరా అయితే మంచుకి చెరిగిపోతుంది కాబట్టి. ఇంత చేసినా ముట్టుకున్న మొగ్గలన్నీ కాయలు కావు. ఎండ ఎక్కువైనా, నీరు తక్కువైనా చాలా భాగం రాలిపోతాయి. అందుకే ఈ పని ఒక పూటతో తీరదు, పూత ఉన్నన్నాళ్లూ సాగుతుంది.

నేను దీన్ని ఉన్నత విద్యగా చూస్తాను, అదీ మన నేల మీద ఉన్న ఉన్నత విద్యలో మేలురకంగా చూస్తాను. సమాచారమే సరుకైన ఈ ప్రపంచ వ్యాపారం మన విశ్వవిద్యాలయాల్ని ఏం చేసిందని ఎవరైనా అడిగితే అందరి కళ్లూ హైటెక్ సిటీ వైపు, అమెరికా వీసాల వైపు తిరుగుతాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో మాత్రం ఆ వ్యాపారం ముందుగా దిగింది విత్తనం ప్యాకెట్‌లో. ఒక గింజలో రాసి ఉన్న సమాచారం ఎవరిది, దాన్ని చదవడం ఎవరు నేర్పాలి, కాపీ తీసుకునే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్నలు ఇక్కడి రైతుకి ఇంటర్నెట్ కంటే ముందే ఎదురయ్యాయి. ఆ ప్రశ్నల నడుమ లాం, బాపట్ల వంటి చోట్ల జరిగే పనిలోని నేర్పుకి రావలసినంత పేరు రాలేదని నాకు గట్టి అభిప్రాయం.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. లాం క్షేత్రం 1922లో మొదలైంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. తర్వాత దానికి నిడుబ్రోలులో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లొచ్చిన ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత ఆ విశ్వవిద్యాలయం కేంద్రస్థానం లాంకే వచ్చింది. ఉద్యాన పంటలకి 2007లో వేరే విశ్వవిద్యాలయం వచ్చాక మిరప పరిశోధన దాని కిందికి వెళ్లింది, పత్తి, పప్పుధాన్యాలు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఉన్నాయి. బోర్డులు మారినా, పని జరిగే నేల లాం నేలే.

ఇక పనితనం దగ్గరికొద్దాం. సంకరం చేసి తీసిన గింజలు నాటితే వచ్చే మొదటి తరం మొక్కలన్నీ దాదాపు ఒక్క తీరుగా ఉంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా వాటిలో ఏరడానికి ఏమీ ఉండదు. రెండో తరంలో తల్లిదండ్రుల గుణాలన్నీ విడివడి, మొక్కకో రకంగా బయటపడతాయి. వందల మొక్కల్లో ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. ఒకదానికి కాయ నిడివి బాగుంది, రంగు లేదు. ఇంకొకదానికి రంగు ఉంది, బొబ్బర తెగులు సోకి ఆకులు ముడుచుకుపోయాయి. శాస్త్రవేత్త కన్ను పనిచేసేది ఇక్కడే. మడి వెంట పొద్దున ఒకసారి, ఎండ వంగాక ఒకసారి నడిచి చూడాలి. మంచు తడిలో నిగనిగలాడిన మొక్క మధ్యాహ్నానికి వాడిపోవచ్చు. ఏరుకున్న మొక్కలకి నైలాన్ వల కప్పుతారు. మిరప తనంతట తాను గింజ కట్టగలిగిందే అయినా తేనెటీగలు వాలితే పక్క మొక్క పుప్పొడి తేలిగ్గా స్వీకరిస్తుంది. వల లేకుండా తీసిన గింజని నమ్మి మరో తరం పెంచితే ఏం పెంచుతున్నామో మనకే తెలియదు.

అలా ఏరిన ఒక్కో మొక్క గింజ వచ్చే ఏడు ఒక్కో సాలు అవుతుంది. ఆ సాళ్లలో మంచి సాలు, మంచి సాలులో మంచి మొక్క. ఆరేడు తరాలు ఇదే వరస. అప్పటికి సాలంతా ఒక్కలా నిలుస్తుంది, గుణం స్థిరపడుతుంది. ఆ పైన క్షేత్రంలో దిగుబడి పోటీలు, వేరువేరు నేలల్లో పరీక్షలు, తర్వాత రైతుల పొలాల్లో పరీక్షించడానికి మినీకిట్లు అనే చిన్న విత్తన సంచులు. మొదటి సంకరం నుంచి రైతు చేతికి రకం అందేదాకా పది పన్నెండేళ్లు పడుతుంది. అంతకాలం ఒకే మనిషి ఆ మడి దగ్గర ఉండడు. బదిలీలుంటాయి, పదవీ విరమణలుంటాయి. పనిని తెగిపోకుండా పట్టి ఉంచేది ఒక్క రిజిస్టరు. ఏ సాలు ఏ మొక్క నుంచి వచ్చింది, ఆ మొక్క ఏ సాలులో పుట్టింది, దాని తాత ఏ సంకరం, ఏ ఏడు ఏ తెగులు ఎంత సోకింది అన్నదంతా అందులో ఉంటుంది. కొత్తగా వచ్చిన పరిశోధకుడు ఆ రిజిస్టరు చదివి, పొలంలోకి వెళ్లి, తాను చూడని పన్నెండేళ్లని సాళ్ల వరసలో గుర్తుపట్టగలగాలి. ఎమ్మెస్సీ విద్యార్థికి లెక్కల్లో వచ్చే మార్కుల కంటే ఈ రిజిస్టరు రాయడం వచ్చిందా లేదా అన్నదే నాకు పెద్ద పరీక్షగా కనిపిస్తుంది.

ఏరేటప్పుడు ఏ గుణం కావాలన్నది కూడా తేలిక లెక్క కాదు. రైతుకి ఎకరాకి ఎన్ని క్వింటాళ్లన్నది ముఖ్యం. కోసే కూలీకి కాయ ఒక్క లాగుతో తొడిమతో సహా రావాలి, ఎందుకంటే కోత కూలి మిరప ఖర్చులో పెద్ద భారం. కల్లంలో ఆరబెట్టినప్పుడు రంగు పోకూడదు, తాలు ఎక్కువ తేలకూడదు. మార్కెట్ యార్డులో కొనేవాడు టిక్కీ బస్తా విప్పి గుప్పెడు కాయలు తీసి, విరిచి, తేమ చూసి, గలగలమనిపించి ధర చెబుతాడు. ఎగుమతిదారుడికి కావలసినవి అంకెలు. రంగుని అమెరికన్ మసాలా దినుసుల వర్తక సంఘం పెట్టిన కొలతలో, ఘాటుని 1912లో విల్బర్ స్కోవిల్ అనే మందుల శాస్త్రవేత్త పేరున వచ్చిన కొలతలో అడుగుతాడు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మిరపని సుగంధ ద్రవ్యాల బోర్డు వర్ణించేది కూడా అలాగే, రంగు 32 దరిదాపు, కాప్సైసిన్ 0.226 శాతం అని. ఘాటు తీసి నూనెగా అమ్మేవాళ్లకి ఒక కాయ కావాలి, ఆహారానికి రంగు వేసే కంపెనీలకి ఘాటు లేని కాయ కావాలి. వీటన్నిటికీ ఒకే మొక్క తలవంచదు. ఏది వదులుకోవాలో తేల్చుకోవడం కూడా ఈ పనితనంలో భాగమే.

లాం నుంచి వచ్చిన మిరప రకాల వరస చూస్తే ఆ తేల్చుకోవడాలు కనిపిస్తాయి. జీ వరసలో భాగ్యలక్ష్మి, ఆంధ్రజ్యోతి, ఆ తర్వాత సిందూర్, అపర్ణ, ప్రకాష్, భాస్కర్, ఇంకా ముందుకి వస్తే ఎల్‌సీఏ 334, 353, 625. వీటిలో ఆంధ్రజ్యోతి గుంటూరు జీ-2ని బీహారు రకంతో కలిపి తీసింది. పప్పుధాన్యాల్లో లాం ఎల్‌బీజీ 17 అనే మినుము ఇచ్చింది. వరి కోతకి ముందే చేలో పదును ఉండగా చల్లే ఆ మినుముని రైతులు అంకెతో కాకుండా కృష్ణయ్య అన్న పేరుతోనే పిలుచుకున్నారు. ఒక విశ్వవిద్యాలయం పనికి అంతకంటే మంచి సర్టిఫికెట్ ఉంటుందని నేననుకోను.

పత్తి మొగ్గకి పట్టకారు అక్కర్లేదు. సాయంత్రం పూట మొగ్గ అడుగున బొటనవేలి గోటితో చుట్టూ సన్నగా గాటు పెట్టి, రేకుల్నీ వాటికి అంటుకుని ఉన్న కేసరాల గొట్టాన్నీ కలిపి ఒక్క లాగుతో ఊడదీస్తారు. గోరు కాస్త లోతుగా దిగిందా, పిందె మీద గాయమై అది రాలిపోతుంది. కాస్త తేలిగ్గా పడిందా, కేసరాలు కొన్ని అడుగున మిగిలిపోతాయి. సరిగ్గా పడితే నునుపైన పిందె మీద కీలం ఒంటరిగా నిలబడుతుంది, దానికి ఒక స్ట్రా ముక్క తొడిగి వదులుతారు. ఇది డోక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1934లో ప్రచురించిన పద్ధతి. చేయి తిరిగినవాళ్లు చేస్తుంటే ఒక్కో మొగ్గకి కొన్ని క్షణాలు కూడా పట్టవు. రైతు ఇంటి పిల్లలు దీన్ని చూసి చూసి పట్టేస్తారు. పట్నంలో పెరిగి బాపట్లలో చేరినవాళ్లకి వేలి కొస బరువు ఎంతుండాలో తెలియడానికి ఒక సీజను పడుతుంది. పుస్తకంలో అది రెండు వాక్యాల సంగతి.

ఈ పద్ధతిని వాడినందుకు ఎవరూ ఎవరికీ రుసుము కట్టలేదు. టెక్సాస్ పత్తి పొలాల్లో తేలిన నేర్పు అచ్చయింది, మన దగ్గరికొచ్చింది, మన చేతులు నేర్చుకున్నాయి. ఆంధ్ర వ్యవసాయ విద్యకి కన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం 1950ల చివరి నుంచి 1970ల మొదటి దాకా అండగా ఉంది. అక్కణ్నుంచి ఆచార్యులొచ్చి పాఠాలు, ప్రయోగశాలలు, విస్తరణ విధానం నిలబెట్టారు, మనవాళ్లు అక్కడికి వెళ్లి చదువుకొచ్చారు. దాని వెనక ప్రచ్ఛన్నయుద్ధ రాజకీయం ఉంది, నిజమే. కానీ జ్ఞానానికి ప్యాకెట్ మీద ధర ముద్రించే రోజులు అప్పటికి రాలేదు.

ఆ తర్వాత ఈ నేల మీద సంకటం ఒకటి వచ్చింది. 1984-85లో గుంటూరు, ప్రకాశం పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. పైరిథ్రాయిడ్ మందులు ఎడాపెడా కొట్టడంతో దోమని తినే మిత్రపురుగులు నశించి, దోమ మాత్రం రెచ్చిపోయింది. రెండు మూడేళ్లు తిరక్కుండానే శనగపచ్చ పురుగు వచ్చింది. 1987-88లో అప్పులపాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న ప్రాంతం ఇదే. ఆ కాలపు ప్రశ్నకి లాం ఇచ్చిన జవాబుల్లో తెల్లదోమని తట్టుకునే ఎల్‌కే 861, కాంచన రకాలున్నాయి. ఇలాంటి రకం తీయడంలో చిక్కు ఎక్కడుందో చూడండి. ఆకు మీద నూగు దట్టంగా ఉంటే పచ్చదోమ నిలవదు. తెల్లదోమకి మాత్రం నూగు ఉన్న ఆకే ఇష్టం, గుడ్లు పెట్టుకోవడానికి. నూగు తగ్గిస్తే ఒకటి పోయి రెండోది వస్తుంది. ఆ రెంటికీ మధ్య దారి వెతకడం అంటే భూతద్దం కింద ఆకు తిప్పి చూసి, ఒక్కో సాలులో దోమ పిల్లల్ని లెక్కపెట్టి, ఆ అంకెని దిగుబడి పక్కన రాసి, ఏడాది తర్వాత ఏడాది ఏరుకుంటూ పోవడం. ఆ పని జరిగింది కూడా పురుగు నిజంగా ఉన్న పొలాల్లో, రైతు నష్టపోతున్న కాలంలోనే.

ఇలా తరాల తరబడి ఏరి స్థిరపరిచిన, హైబ్రిడ్ కాని సూటి రకానికి ఒక గొప్ప గుణం ఉంది. అది తనని తాను మళ్లీ అచ్చేసుకునే పుస్తకం. ఒకసారి రైతు చేతికొచ్చాక మంచి చెట్లు చూసుకుని గింజ తీసిపెట్టుకుంటే మరుసటేడు అదే పంట వస్తుంది, పక్కింటివాడికి శేరు గింజలిచ్చినా తనకి తరిగేది లేదు. హైబ్రిడ్‌లో ఆ అవకాశం ప్రకృతి ధర్మం వల్లే లేదు, రెండో తరంలో గుణాలు చెదిరిపోతాయి కాబట్టి ఏటా కొనాల్సిందే. ఆ పైన చట్టం వచ్చింది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆనందమోహన్ చక్రవర్తి తయారు చేసిన సూక్ష్మజీవికి పేటెంటు ఇవ్వొచ్చని తీర్పిచ్చింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతోపాటు మేధో సంపత్తి ఒప్పందం అమల్లోకొచ్చింది. మన దేశం తన పేటెంటు చట్టంలో మొక్కలు, విత్తనాలకి పేటెంటు లేదని రాసుకుంది. 2001 చట్టంలో రైతు తన గింజ దాచుకునే, నాటుకునే, పంచుకునే, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకునే హక్కుని నిలుపుకుంది. ఈ చట్టం గురించి మన కాలేజీల్లో చెప్పవలసినంత చెప్పడం లేదని నా బాధ.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ పత్తిలో చేర్చింది మట్టిలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువు. దాని పొడవు మూడున్నర వేల డీఎన్‌ఏ అక్షరాలు. ఆ మూడున్నర వేల అక్షరాలకి 450 గ్రాముల విత్తనం ప్యాకెట్ మీద సుమారు 1,250 రూపాయల సాంకేతిక రుసుము పడింది. ప్యాకెట్ ధర 1,850 దాకా పోయింది. చిత్రమేమంటే ఆ మొదటి తరం బీటీకి ఈ దేశంలో పేటెంటే లేదు, కంపెనీల మధ్య ఒప్పందాల బలం మీదే రుసుము నడిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కి వెళ్లి పోరాడితే, ఆ ఏడాదే ప్యాకెట్ ధర 750కి దిగింది. ఒక రాష్ట్రం సమాచారం ధర మీద పోట్లాడి గెలిచిన అరుదైన సందర్భమిది. దేశమంతా బీటీ రుసుము మెల్లమెల్లగా తగ్గి 2020లో పూర్తిగా పోయింది.

ఇక్కడ మరో సంఖ్య పక్కన పెట్టి చూడాలి. 2014లో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు మిరప జన్యుపటం మొత్తం చదివి ప్రపంచం ముందు పెట్టారు. సుమారు 348 కోట్ల అక్షరాలు. మెక్సికో మూలాలున్న సీఎం334 అనే రకం మీద చేశారు. అంకె కలిసినా మన ఎల్‌సీఏ 334కీ దానికీ చుట్టరికమేమీ లేదు, అయినా లాం ఎరిగినవాళ్లకి ఆ అంకె చూడగానే ముచ్చటేస్తుంది. ఆ 348 కోట్ల అక్షరాలూ ఉచితం. బాపట్ల హాస్టల్ గదిలో కూర్చుని ఎవరైనా దించుకోవచ్చు. మూడున్నర వేల అక్షరాలకి ప్యాకెట్‌కి వెయ్యికి పైగా రూపాయలు, 348 కోట్ల అక్షరాలకి సున్నా. సమాచార వ్యాపారం నడిచే తీరుని ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు. అక్షరాలు చేతికి రావడంతో పని అయిపోదు. అందులో ఏ ముక్క పొలంలో ఏం చేస్తుందో తెలిసినవాడి చేతిలోనే వాటికి విలువ. అది తెలియాలంటే ఆ ముక్క ఉన్న మొక్కనీ లేని మొక్కనీ పక్కపక్క సాళ్లలో పెంచి, పురుగుని వదిలి, లెక్కపెట్టి చూసిన మనిషి కావాలి.

అలాంటి మనుషుల్ని తయారు చేసే విశ్వవిద్యాలయాల మీద ఒత్తిళ్లు చాలా ఉన్నాయి. బీటీ మనదేశంలో హైబ్రిడ్లలోనే వచ్చింది. కొన్నేళ్లలోనే పత్తి నేలంతా ప్రైవేటు ప్యాకెట్లతో నిండి, లాం పత్తి సూటి రకాలు పక్కకి జరిగాయి. ప్రభుత్వ సంస్థలు సొంతంగా బీటీ సూటి రకం తేవాలని చూశాయి. బికనేరి నర్మా అనే ఆ రకం 2009లో రైతులకి వెళ్లింది కానీ, అందులో బీటీ తెచ్చిన మోన్‌శాంటో కంపెనీ జన్యువే కనబడటంతో నిలిపేశారు. ఎక్కడో విత్తనం కలిసిపోయిందన్న మాట వినిపించింది. ఎంత పెద్ద ప్రయోగశాల అయినా, సాలు దగ్గర చీటీ, గదిలో రిజిస్టరు, సంచి తొడగడంలో శ్రద్ధ, ఇవి సడలితే ఏమవుతుందో ఆ ఉదంతం చెబుతుంది. ఇంకోవైపు కేంద్రం 2016 నుంచి ఏటా విద్యాసంస్థలకి ఇచ్చే ర్యాంకుల్లో పరిశోధన కింద లెక్కకొచ్చేవి పరిశోధన పత్రాలు, వాటి ఉల్లేఖనలు, పేటెంట్లు. పన్నెండేళ్లు పట్టి తీసిన రకం లక్షల ఎకరాల్లో పండినా ఆ పట్టికలో దానికి ప్రత్యేకంగా ఒక గడి లేదు. ఏడాదిలో రెండు పత్రాలు అచ్చేసినవాడికి అది దొరుకుతుంది. కుర్రవాళ్లు తెలివైనవాళ్లు, ఏది లెక్కకొస్తుందో వెంటనే గ్రహిస్తారు. సంకరాల మడి వదిలి కంప్యూటర్ ముందుకి జరగాలన్న ఆలోచన వాళ్ల తప్పు కాదు. లాంలో నేర్చుకున్న చేతికి హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో మంచి జీతముంది. ఆ చేతిని తయారు చేసిన ఖర్చు మాత్రం ప్రభుత్వానిది.

ఇన్నిటి మధ్య ఈ విశ్వవిద్యాలయం ఏటా చేసే ఒక పని నాకు ఎంతో ఇష్టం. అది వ్యవసాయ పంచాంగం. పంటపంటకీ రకాలు, విత్తే కాలం, ఎరువుల మోతాదు, పురుగులు, తెగుళ్లు, ఏ మందు లీటరు నీటికి ఎన్ని గ్రాములు, అన్నీ తెలుగులో. దాని వాక్యం చూడండి. కర్త, కర్మ, మోతాదు, ఎన్ని రోజులకోసారి, అంతే. విశేషణం ఉండదు. చదువుకున్న కొడుకు చదివి వినిపిస్తుంటే తండ్రి తలాడిస్తూ వినగలిగేలా ఉంటుంది. వందల పరిశోధన పత్రాల్లో తేలిన సంగతి ఆ చిన్న వాక్యంలో ఇమడడానికి ఎంత కుదింపు, ఎంత సరిచూపు కావాలో రాసేవాళ్లకి తెలుసు. మోతాదు ఒక్కటి తప్పు పడితే ఒక మండలం పంట మాడిపోవచ్చు. ఇంత జాగ్రత్తగా రాసిన తెలుగు వచనం మన పత్రికల్లో కూడా అరుదు.

2021-22 సీజనులో మిరప మీద నల్ల తామర పురుగు పడినప్పుడు ప్రపంచ సమాచార నిధీ, పొలంలో కంటి లెక్కా, ఈ రెండు లోకాలూ ఒకేసారి కదిలాయి. ఈ పురుగు ఆకు కంటే పువ్వులో ఎక్కువ చేరుతుంది, పూత రాలుతుంది, కాయ నిలవదు. ఇండోనేషియా వైపు నుంచి వచ్చిన జాతి ఇది, మనదేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట గుర్తించారు. ఇలాంటి కొత్త పురుగుని సూక్ష్మదర్శిని కింద చూసి, డీఎన్‌ఏ వరసని అంతర్జాతీయ నిధుల్లో ఉన్న వరసలతో సరిపోల్చి ఫలానా జాతి అని తేలుస్తారు. ఆ పోలికకి రుసుము లేదు, దేశాల హద్దులు లేవు. ప్రపంచ సమాచార ప్రవాహం వల్ల మనకి కలిగిన మేలు అది, దాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. పొలంలో మాత్రం పువ్వుని తెల్లకాగితం మీద తట్టి రాలిన పురుగుల్ని కంటితో లెక్కపెట్టడమే పద్ధతి. ఆ లెక్కే సలహా అవుతుంది. ఆ పురుగుని తట్టుకునే రకం కోసం మళ్లీ సంకరాలు, మళ్లీ సాళ్లు, మళ్లీ పదేళ్ల రిజిస్టరు.

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో విద్యార్థుల్ని ఊళ్లలో ఉంచే కార్యక్రమం ఉంది, రావెప్ అంటారు. ఒక రైతుని జతచేసుకుని, ఆయన వెంట పొలానికి వెళ్తూ సీజనంతా గడపాలి. ఊరి వాళ్లని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, నేల మీద రంగుల ముగ్గుతో ఊరి పటం గీయిస్తారు: చెరువెక్కడ, బోర్లెక్కడ, ఏ చేలో ఏ పంట, ఎవరి పొలానికి నీరు ఆఖరుకొస్తుంది. గీసేది రైతులు, విద్యార్థి పని అడగడం, వినడం, కాపీ చేసుకోవడం. పేజీల కొద్దీ సర్వే ఫారాల్లో రాని సంగతులు ఆ ముగ్గులో వస్తాయి. దీన్ని మార్కుల కోసం తంతుగా ముగించే కాలేజీలున్నాయి. అలా చేయడం ఆ విద్యార్థికీ ఆ ఊరికీ కూడా అన్యాయం.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలు ఇప్పుడు కృషికోశ్ అనే జాతీయ నిధిలో చేరుతున్నాయి. లాం మడుల్లో ఎమ్మెస్సీ విద్యార్థి తీసిన సంకరాల లెక్కని బ్రెజిల్‌లోనో కెన్యాలోనో ఉన్న పరిశోధకుడు తెరిచి చదువుకోవచ్చు. అవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ చదువుకి అది తప్పదు. కానీ ఒక్కో సిద్ధాంత వ్యాసానికి పంచాంగం భాషలో ఒక్క పేజీ తెలుగు సారాంశం జతచేయాలన్న నిబంధన పెట్టడానికి కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఏ మొక్కలు కలిపారు, ఏ సాలు నిలిచింది, ఏది పోయింది, రైతుకి దానివల్ల తెలిసేదేమిటి, ఇంతే. రాయడం నేర్పగలిగినవాళ్లు లాంలోనే ఉన్నారు, ఏటా పంచాంగం కూర్చేది వాళ్లే. వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టొచ్చు.